పైన మూడు వరుసలు

అక్కా,

ఉత్తరం చూసి కంగారు పడకు. చేతిలో ఫోను పెట్టుకుని దీనికి ఈ పిచ్చేమిటని బావ నవ్వుతూ ఉంటాడు, నవ్వనీ. ఇంట్లో అందరూ బాగానే ఉన్నారు. బాగా లేనిది నేనొక్కదాన్నే, అదీ పైకి కనిపించేది కాదు.

ఫోన్లో ఎందుకు చెప్పలేదంటే, పోయిన నెల మా ఆఫీసువాళ్లు అందరి కంప్యూటర్లలోనూ, ఆఫీసు మెయిలు చూసుకునే ఫోన్లలోనూ ఒక నిఘా ప్రోగ్రామ్ ఎక్కించారు. తెర మూల పచ్చ చుక్క ఒకటి వెలుగుతూ ఉంటుంది. ఐదు నిమిషాలు మీటలు నొక్కకపోతే పసుపవుతుంది, పది నిమిషాలకి ఎర్రబడుతుంది. ఏం టైపు చేశాం, ఏ ఫైలు తెరిచాం, అంతా ఎక్కడో రాసుకుంటుందట. మాటలు కూడా వింటుందా అని అడిగితే, ఎక్కించడానికి వచ్చినతను "అంతేం ఉండదులెండి" అన్నాడు. మరి ఎంత ఉంటుందో చెప్పలేదు. మా పెద్దసారు మాత్రం సోమవారం సోమవారం మీటింగు పెట్టి "మనదంతా ఒకే కుటుంబం" అంటూనే ఉంటాడు. ఏ కుటుంబంలో వంటింట్లో కెమెరా పెట్టుకుంటారో చెప్పు! అందుకే పోస్టాఫీసు బల్ల మీద, తాడు కట్టిన పెన్నుతో రాస్తున్నాను. భోజనం గంటలో ఇంకా ఇరవై రెండు నిమిషాలు మిగిలాయి.

సంగతేమిటంటే, మా కంపెనీని ఇంకో పెద్ద కంపెనీ కొంటోంది. మేం చేసేది నీకు తెలుసుగా, చిన్న క్లినిక్కులకీ మందుల షాపులకీ సాఫ్ట్‌వేర్. కొనేవాళ్లు మా ఫైళ్లన్నిటినీ ఒక యంత్రం చేత చదివిస్తున్నారు, అదే రాత లోకంలో ఇంకెక్కడైనా ఉందేమోనని. అది చాలదన్నట్టు మా అందరి చేతా ఒక కాగితం మీద సంతకాలు. "నేను అప్పగించిన ప్రతి వరుసా నా సొంత రాత. ఇతరుల నుంచి తీసుకున్నది ఏదీ దాచలేదు." శుక్రవారం లోపల ఇచ్చెయ్యాలి.

అక్కా, నేను దాచాను.

ఆరేళ్ల కిందటి మాట. ఉద్యోగంలో చేరి అప్పటికి మూడు వారాలు. మందుల గడువు తేదీలు లెక్కగట్టే ముక్క ఒకటి రాయమన్నారు. వినడానికి ఎంత పనీ అనిపిస్తుంది. నాలుగు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. ఒక నెలకి సరిపోతే ఇంకో నెలకి తప్పేది, ఇక ఫిబ్రవరి అయితే నన్ను ఏడిపించేసింది. ఐదో రోజు ఇంటర్నెట్‌లో ఎవరో మహానుభావుడు రాసి పెట్టిన ఫైలు దొరికింది. ముత్యంలా ఉంది. దాన్ని ఎవరైనా వాడుకోవచ్చు, అమ్మే సరుకులో కూడా పెట్టుకోవచ్చు. లైసెన్సు అంటే పుస్తకమంత షరతులేం కాదు, పైన మూడు వరుసలు. ఆయన పేరు, ఏ ఏడాది రాశాడో, "ఈ మూడు వరుసలూ తీసెయ్యకండి" అని ఒక మాట. అంతకు మించి ఆయనేమీ అడగలేదు.

నేను ఆ మూడు వరుసలే తీసేశాను.

ఎవరైనా తీయమన్నారా అంటే లేదు. మా పక్క సీటు మాస్టారు మెచ్చుకోవాలని తీశాను. బడి మాస్టారు కాదులే, మా టీములో అందరికన్నా పెద్దాయన, ఏం అడిగినా కాగితం మీద బొమ్మ గీసి మరీ చెబుతారని ఆ పేరొచ్చింది. ఆయన మొత్తం చదివి, కళ్లద్దాలు నుదుటి మీదకి తోసుకుని, "నీ రాతేనామ్మా ఇది?" అన్నారు. "నాదే సర్" అన్నాను. "భలే రాశావే" అన్నారు. ఆ సాయంత్రం బస్సులో నిలబడి వచ్చినా కాళ్లు నొప్పి పుట్టలేదు నాకు.

ఇంకో చిక్కు చెబుతాను విను. మా దగ్గర కొత్తవాళ్లకి ఆరు నెలల దాకా రాసిన ఫైలు కంపెనీ సరుకులో చేర్చే అధికారం ఉండదు. సీనియర్లే తమ పేరు మీద పెడతారు. అలా ఆ ఫైలు మాస్టారి పేరు మీద చేరింది. ఇప్పటికీ ఆయన పేరు మీదే ఉంది.

పోయిన ఏడాది ఒక కంటి క్లినిక్కు మా సాఫ్ట్‌వేర్‌ని ఒక లైసెన్సు కొని రెండు కంప్యూటర్లలో పెట్టుకుందని మా వాళ్లు లాయరు నోటీసు పంపారు. ఆ నోటీసులో "దొంగతనం" అనే మాట మూడుసార్లు ఉంది. ఆ కాగితం నా బల్ల మీదుగానే వెళ్లింది, నంగనాచిలా చదివి పక్కవాళ్లకి అందించాను. పరీక్షలో పక్కవాడి కాగితంలోకి తొంగి చూసిన పిల్లల్ని నువ్వు తలుపు బయట నిలబెడతావు కదా. వాళ్లు అక్కడ నిలబడి ఏం ఆలోచిస్తారో నాకిప్పుడు తెలిసింది.

చెబితే ఉద్యోగం పోతుంది, ఇంకెక్కడా రాదు. చెప్పకుండా సంతకం పెడితే యంత్రం పట్టుకుంటుంది. మా ఆయనకి కూడా చెప్పలేదు. అన్నం సహించడం లేదు, నిద్రలో పళ్లు కొరుకుతున్నానట. ఏం చెయ్యనో రాయి. జవాబు ఇంటికే రాయి, ఆఫీసుకి కాదు.

నీ సణుగుడు చెల్లెలు

*

అక్కా,

నీ కార్డు శనివారం వచ్చింది. "ఇంకేం ఆలోచించకుండా చెప్పెయ్" అని ఒక్క ముక్క రాశావు. శుక్రవారం నాలుగింటికే నేను సంతకం పెట్టేశాను.

తిట్టు. పడతాను. మొదటి సంతకం మాస్టారిదే. "చదివేదేముందమ్మా, మన రాత మనకి తెలీదా?" అంటూ నిలబడే గీకేశారు. ఆ పెన్నే నా చేతికిచ్చారు. చెయ్యి వణికి ఎక్కడో గీత పోయింది, అయినా ఎవరూ చూడలేదు. అందరూ అంత తొందరలో ఉన్నారు. ఇంకా ఎంతమంది వణికారో నాకేం తెలుసు?

మంగళవారం యంత్రం పట్టుకుంది.

దేనితో పట్టుకుందో వింటే నవ్వాలో ఏడవాలో తెలీదు. ఆ మహానుభావుడు తప్పు తేదీ కొడితే తెర మీద కనిపించే హెచ్చరికలో ఫిబ్రవరి స్పెల్లింగు తప్పు రాశాడు. ఒక అక్షరం మింగేశాడు. పేరు చెరిపిన నేను ఆ అక్షరం చూసుకోలేదు. ఆరేళ్లు మా సరుకు కొన్న ప్రతి మందుల షాపులోనూ ఆయన తప్పే కనిపిస్తూ ఉంది.

కొనేవాళ్ల తరఫున ఒక లాయరమ్మ వచ్చింది. నెమ్మదైన మనిషి, గొంతు పెంచదు, అదే ఎక్కువ భయం. అద్దాల గదిలోకి మాస్టారిని పిలిచారు. నలభై నిమిషాలు. నా తెర మీద చుక్క పసుపైంది, ఎర్రబడింది, నాకు మీట నొక్కాలని కూడా తోచలేదు. లోపల ఆయన ఎప్పటిలాగే కాగితం మీద ఏదో గీసి చూపిస్తున్నారు. ఆవిడ ఆ కాగితం వైపు చూడటం లేదు. బయటికొచ్చి, కళ్లద్దాల పెట్టె, మంచినీళ్ల సీసా తీసుకుని, "కొన్నాళ్లు ఇంట్లో ఉండమన్నారు" అని ఎవరికో కాకుండా అందరికీ చెప్పి వెళ్లిపోయారు. కంప్యూటరు బల్ల మీదే వదిలేయమన్నారు. ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న మనిషిని లిఫ్టు దాకా సెక్యూరిటీ వాడు వెంటబెట్టుకుని వెళ్లాడు. ఒక్కరూ కుర్చీలోంచి లేవలేదు. నేనూ లేవలేదు.

నిన్న సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. చెప్పేద్దామనే వెళ్లాను, ఒట్టు. తలుపు తీసింది వాళ్లావిడ. "నువ్వైనా వచ్చావు తల్లీ, ఇంకెవరూ రాలేదు" అంది. చెప్పులు విప్పి లోపలికి వెళ్లాను. మాస్టారు బనీనుతో కూర్చుని ఫ్యాను విప్పి బాగుచేస్తున్నారు. నన్ను చూసి చొక్కా వేసుకుని వచ్చారు. ఊరికే నట్లు అటూ ఇటూ కదుపుతూ, "ఆ తేదీల ఫైలు మనం ఎప్పుడు పెట్టాం, నీకేమన్నా గుర్తుందా?" అన్నారు.

"గుర్తు లేదు సర్" అన్నాను.

"పోన్లే. యంత్రాలన్నాక పొరపాటు పడవా!" అన్నారు.

టీ తాగాను అక్కా. వాళ్లింట్లో కూర్చుని, వాళ్లావిడ ఇచ్చిన టీ చివరి చుక్క దాకా తాగి వచ్చాను. నేనింత చెడ్డదాన్నా? చిన్నప్పటినుంచి చూస్తున్నావు కదా, నీకెప్పుడైనా అనుమానం వచ్చిందా? ఆయనకి రెండేళ్లలో రిటైర్‌మెంటు. ఈలోపు దొంగ అని ముద్ర వేసి పంపిస్తారు. ఆయన నా పేరు చెప్పేస్తారేమోనని ఒక భయం. చెప్పకపోతే ఏమవుతుందోనని ఇంకో భయం. రెండోది పెద్దదని నీకు రాయాలని ఉంది. నిజం రాయమంటే, నిన్నటి దాకా మొదటిదే పెద్దది.

సోమవారం లాయరమ్మ దగ్గరికి వెళతాను. ఈ ఉత్తరం డబ్బాలో వేసేస్తే ఇక వెనక్కి తగ్గలేను, అందుకే ముందు ఇది వేస్తున్నాను.

నీ చెల్లెలు

*

అక్కా,

వెళ్లాను. చెప్పాను. ఉద్యోగం పోయింది. ముందు అది చెప్పేస్తే మిగతాది నింపాదిగా చదువుతావని.

అద్దాల గదిలో కూర్చోకముందే, "ఆ ఫైలు మాస్టారిది కాదండీ, నేనిచ్చాను. పైన పేరు నేనే చెరిపాను" అన్నాను. గట్టిగా చెప్పాననుకున్నాను గానీ, ఆవిడ "కాస్త వినపడేలా చెప్పండి" అంది. మళ్లీ చెప్పాల్సి వచ్చింది. రెండోసారి చెప్పడం మొదటిసారి కన్నా కష్టం.

ఆవిడ ఆశ్చర్యపోలేదు. ఫైల్లోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టింది. మాస్టారి చేతిరాత. అక్షరం పొల్లు పోకుండా నాకు నోటికొచ్చేసింది, రాస్తున్నాను చూడు.

"ఈ ఫైలు నా చేతికిచ్చిన మనిషిని ఆ రోజే అడిగాను. తనదేనని చెప్పింది. ఆరేళ్లుగా చూస్తున్నాను, అబద్ధం చెప్పే మనిషి కాదు. కనుక పొరపాటు మీ యంత్రానిదే. ఇద్దరు మనుషులు ఒకే అక్షరం తప్పు రాయడం అసాధ్యమేమీ కాదు. మళ్లీ సరిచూసుకోగలరు. ఆ మనిషి పేరు చెప్పను. చెబితే అనుమానించినట్టవుతుంది."

"పేరు చెప్పమని మూడుసార్లు అడిగాం" అంది లాయరమ్మ. "తప్పు ఒప్పుకోండి, సర్దుబాటు చేద్దాం అని కూడా అన్నాం. యంత్రందే తప్పని ఒకటే మొండిపట్టు. ఇవాళ సాయంత్రం ఆయన్ని తీసేసే కాగితం మీద సంతకం కావాల్సింది."

ఆయన నన్ను కాపాడుతున్నారేమోనని లోలోపల ఒక ఊహ ఉండేది నాకు. కాదు. కాపాడటానికి నేను తప్పు చేశానని తెలిసుండాలి కదా. ఆయనకి తెలీదు. గుర్తుంది, అన్నీ గుర్తున్నాయి, "గుర్తు లేదు సర్" అన్న నా మాట కూడా నమ్మేశారు.

"ఇప్పుడు ఆ ఫైలు తీసెయ్యాలా?" అని అడిగాను.

"ఎందుకండీ? ఆ మూడు వరుసలూ మళ్లీ పెడితే సరిపోతుంది. ఒక నిమిషం పని" అంది ఆవిడ. నేను ఊపిరి పీల్చుకునేలోపు శుక్రవారం నాటి కాగితం తీసింది, వణికిన నా సంతకంతో సహా. "ఫైలుకి మందుంది. దీనికి మాత్రం లేదు."

పెద్దసారు ముఖం కూడా చూపించలేదు. సెక్యూరిటీ వాడు నన్నూ లిఫ్టు దాకా తీసుకొచ్చాడు.

అట్నుంచి అటే మాస్టారింటికి వెళ్లాను. ఈసారి కూర్చోలేదు. గుమ్మంలోనే చెప్పేశాను. వాళ్లావిడ చేతిలో మంచినీళ్ల గ్లాసు, నాకివ్వాలో వద్దో తెలీక అలాగే నిలబడింది. మాస్టారు "ఆ ఫిబ్రవరి తప్పు కూడానా?" అన్నారు.

"అది కూడా ఆయనదే సర్."

"నేను పొద్దున కూడా వాళ్లకి ఫోను చేసి పోట్లాడానమ్మా" అన్నారు. కోపంగా అనలేదు. సిగ్గుపడుతూ అన్నారు. ఆ సిగ్గు ఆయనది కాదక్కా, నాది. ఆయన పడుతున్నారు.

తర్వాత కళ్లద్దాలు తుడుచుకుని, "మరి మిగతావి?" అన్నారు.

"మిగతావన్నీ నావే సర్" అన్నాను.

నా గొంతు నాకే వినపడింది. ఆరేళ్ల కిందట ఎలా అన్నానో అలాగే ఉంది, వెంట్రుకవాసి తేడా లేదు. ఇప్పుడు చెప్పింది నిజం, అప్పుడు చెప్పింది అబద్ధం, రెంటికీ ఒకే గొంతు. ఆయన తల ఊపారు. లోపలికి వెళ్లి కాగితం, పెన్ను తెచ్చుకున్నారు. బొమ్మ గీస్తారేమో అనుకున్నాను, పిచ్చిదాన్ని.

"ఏమేం రాశావో వరసగా చెప్పు. వచ్చే సోమవారం నన్ను మళ్లీ రమ్మంటారు కదా, ఒక్కొక్కటీ వెతికి చూస్తాను."

చెప్పాను. నలభై ఒక్క ఫైళ్లు. ఆయన తలెత్తకుండా నంబర్లు వేసుకుంటూ రాసుకున్నారు. కొన్ని ఫైళ్లు ఆయన పక్కనుండగానే రాసినవి, ఆయనే దిద్దినవి. అవి కూడా రాసుకున్నారు. ముప్ఫయ్యో దానికి ఆగితే, "ఊఁ, తర్వాత?" అన్నారు.

ఉద్యోగం పోయిందన్న భయం ఇప్పుడంతగా లేదు. మా ఆయనకి చెప్పేశాను, కాసేపు అరిచి, అన్నం పెట్టమన్నాడు. ఏదో ఒక పని దొరుకుతుంది. ఇప్పుడు పట్టుకున్న భయం వేరు. ఇక మీదట నేనేం చెప్పినా ఎదుటి మనిషి ఒక్క క్షణం ఆగి చూస్తారేమోనని. పాలవాడు, పక్కింటావిడ, నా కూతురు, ఎవరైనా.

అక్కా, ఆ నలభై ఒకటీ నావే. ఒక్కొక్కటీ నేనే కూర్చుని రాశాను. ఈ మాట చదివి నువ్వు ఒక్క క్షణం ఆగావా? ఆగితే ఆగానని రాయి. ఆగలేదని మాత్రం ఊరికే రాయకు.

నీ చెల్లెలు