కోరుకొండ పెళ్లిలో మూడో ముడి

ఏవండీ,

కరోనా అప్పుడు అందరూ పెళ్లిళ్లకి లైవ్ అంటుంటే, "ఫోన్లో పెళ్లి చూస్తే కడుపు నిండుతుందా?" అని షామియానాలు మడతపెడుతూ విసుక్కునేవారు మీరు. ఇవాళ కోరుకొండ పెళ్లి చూసుంటే ఏమనేవారో.

పెళ్లికూతురి మామ్మగారు కొండ మీది గుడి మెట్లెక్కలేక పెద్దాపురంలోనే ఉండిపోయారు. వీడియో కాల్‌లో ఆవిడని మండపం పక్కన పెద్ద తెర మీదకి తెచ్చాను. సరిగ్గా తాళి కట్టేటప్పుడు నెట్ ఆగింది. తిరిగి రాగానే ఆవిడ గొంతు మైకులో మోగింది.

"మూడో ముడి నాకు కనపళ్లేదండి. మళ్లీ వేయించండి."

"తాళి రెండోసారి కట్టించకూడదండి, మామ్మగారూ," అన్నారు పంతులుగారు.

"అయితే నేను అక్షింతలు వెయ్యనండి."

భోజనాలకి లేచినవాళ్లు కూడా ఆగిపోయారు. చివరికి పెళ్లికూతురే జడ పక్కకి తీసి, మెడ వెనక ముడులు కెమెరాకి చూపించింది. మామ్మగారు తృప్తిపడి గుప్పెడు అక్షింతలు ఫోను మీదే విసిరారు. తెరంతా పసుపు బియ్యమే. అందరితోపాటు నేనూ పడీపడీ నవ్వాను.

నేను చేసిన మొదటి లైవ్ మీ పెద్దకర్మ. ఆ రోజుల్లో ఎవరూ గడప దాటి రాలేకపోయారు. అందరూ ఫోన్లలోనే మీకు దణ్ణం పెట్టారు.

ఇప్పుడు మన షామియానా కొట్టుకి కొత్త బోర్డు పెట్టించాను. మీ పేరు కింద పెద్దక్షరాలతో 'లైవ్' అని ఉంది. పోయినాయన పేరు కింద ఆ మాట తప్పుగా ఉంది, మార్పించమంటున్నారు చూసినవాళ్లు. నేను మార్పించనండి.