పదకొండో పేజర్ మీద ఎర్రచుక్క

అక్టోబరు 6, సోమవారం

పొద్దున్నే మహబూబాబాద్ దవాఖాన మేనేజరు ఫోన్. పదకొండో నంబరు పేజర్ మోగలేదట. డాక్టరు కింది అంతస్తులో ఉన్నాడు. అక్కడ సెల్‌ఫోన్లు పలకవు, అందుకే గదా పేజర్లు. పిలుపు అందలేదు. కాన్పు ఆలస్యం. తల్లి బాగానే ఉంది. బిడ్డ అద్దాల పెట్టెలో.

"తాతా, నువ్వు ఫెయిల్ చేసిన పేజరే గది. మా దవాఖాన ఆయా యాకమ్మ దసరా పూజల పేజర్లన్నిటికీ బొట్టు పెట్టింది. నీ ఎర్రచుక్కేదో, బొట్టేదో తెలుస్తలే. పాసైనయి, ఫెయిలైనయి కలిసిపోయినయి. వచ్చే సోమవారం పెద్ద డాక్టరు ముంగట గీ మాట జెప్పు, చాలు."

ఆ దవాఖాన పేజర్లు పరీక్షించేది నేనే. పాసైన పేజర్‌కు వెనకాల ఎర్ర గోళ్లరంగు చుక్క పెడతాను. కాగితాలు రాయను. ఇన్నేళ్లూ ఆ చుక్కే నా సంతకం.

చెప్తా అన్నాను. నా పని మీద మాట పడితే ఊరుకుంటానా!

అక్టోబరు 7

జనగామలో రైలెక్కి పోయి పేజర్ తెచ్చుకున్నాను. దవాఖాన మెట్ల దగ్గర యాకమ్మ అడ్డం నిలబడింది. ఏడుపు లేదు. కోపం.

"నీ చుక్క ఉన్నదానికే బొట్టు పెట్టిన తాతా. ఖరాబైనవాటిని ముట్టనే లే. పని జేయనిదానికి పూజేంది?"

"మరి గిదెట్ల వచ్చింది?"

"నన్నడుగుతవేంది? కండ్లద్దాలు పెట్టుకొని నువ్వే చూస్కో."

నాతో మాట్లాడే తీరేనా అది!

అక్టోబరు 8

పేజర్ సంచిలోనే ఉంది. తీయలేదు. అన్నం చల్లారిందని మా ఆమె రెండుసార్లు పిలిచింది.

అక్టోబరు 9

తడిగుడ్డతో తుడిచాను. కుంకుమ పోయింది. కింద చుక్క. గోళ్లరంగు.

నాదే.

అదే రోజు, మధ్యాహ్నం

సిగ్నల్ జనరేటర్ బల్ల మీద పెట్టాను. దాంట్లోంచి పేజర్ నంబరు పంపాను. మోగింది. ప్రాణం లేచొచ్చింది. మర తిప్పి సిగ్నల్ తగ్గించాను... రెండు గీతలు దిగిందో లేదో, మూగ. మంచిదైతే ఇంకో ఏడు గీతలు దిగినా పలకాలి.

కింద పడేశారేమో. విప్పి చూశాను. లోపల తీగ అతుకు దగ్గర పచ్చటి చిలుము. నేను పరీక్షించి వారం దాటిందంతే. వారంలో పట్టేది కాదు అది.

అక్టోబరు 10

భూపాలపల్లి గనిలో వైర్‌లెస్ పని చేసినన్నాళ్లూ కొత్తోళ్లను ఒకటే తిట్టేవాణ్ణి: "పక్కపొంటి నిలవడి పిలిస్తే ఎవడైనా పలుకుతడు. దూరంకెళ్లి పిలిస్తే ఇనవడ్డదా, గది జెప్పు."

దసరా ముందు ఈ పేజర్లు పరీక్షించిన రోజు, దవాఖానలో ఉండగానే రైలు టైమైంది. చివరి నాలుగు పేజర్లకు సిగ్నల్ తగ్గించనే లేదు. మోగింది — చుక్క. మోగింది — చుక్క.

గుర్తుంది. ఫోన్ వచ్చినప్పటి నుంచీ గుర్తుంది.

మిగతా మూడూ డాక్టర్ల జేబుల్లోనే ఉన్నాయి! మేనేజరుకు ఫోన్ చేశాను. పన్నెండు, పదమూడు, పద్నాలుగు పక్కకు పెట్టు, ఇప్పుడే.

"ఎందుకు తాతా? యాకమ్మ గవి గూడ కలిపిందా?"

పెట్టమన్న గదా, అన్నాను. ఫోన్ పెట్టేశాను. ఆమె కలపలేదు అని మాత్రం అనలేదు.

అక్టోబరు 11

థిన్నర్‌తో గోళ్లరంగు పోతుంది. ఒక్క తుడుపు. చుక్క లేకుంటే ఫెయిలైన పేజరే. ఎవడడుగుతాడు?

మూత తీశాను.

"ఏం వాసనయ్యా గది, తలుపన్నా తియ్యి" — మా ఆమె.

మూత పెట్టాను.

అక్టోబరు 12

మళ్లీ తీశాను. మళ్లీ పెట్టాను.

అక్టోబరు 13, సోమవారం

రైల్లో రాస్తున్నాను. అక్షరాలు వంకర. కాజీపేట దాటింది. థిన్నర్ సీసా కూడా సంచిలో ఉంది... ఎందుకు పెట్టుకొచ్చానో.

మేనేజరు ఫోన్.

"జర జల్ది రా తాతా. పని ఇడిచిపెడ్తున్ననని మేం కాగితం రాసిస్తే యాకమ్మ సంతకం పెడ్తలేదు. నువ్వు పెద్ద డాక్టరు ముంగట చెప్పినంక పెట్టిస్తం."

"నేనొచ్చేదాక ఆమెను ఏమనకు."

"అనేదేముంది? నువ్వు చెప్పేది తెల్సిందే గదా."

పేజర్ చొక్కా జేబులో ఉంది. బొటనవేలితో తడుముతున్నాను. నున్నగా, చిన్న బొడిపె.

చుక్క ఉంది. ఇంకా.