కనుబొమలతో చెప్పిన జవాబు

అమ్మా ఊలాయుక్, నీకూ పిల్లవాడికీ నాన్న ఆశీస్సులు. అందరమూ క్షేమమని ఈసారి వ్రాయలేకున్నాను.

మీ అమ్మకు గుండెనొప్పి తిరగబెట్టింది. మన తీరు తెలిసిన నర్సు గ్రేస్ కాంట్రాక్టు ముగిసి వెళ్లిపోయింది. కొత్తగా వచ్చిన డెరిక్ నిన్న కంప్యూటరు మీదనుండి తల ఎత్తకుండానే, "నొప్పి ఉందా?" అని అడిగాడు. మీ అమ్మ మన మంచుసీమవాళ్లందరిలాగే నోరు తెరవకుండా కనుబొమలెత్తి, ఉందని చెప్పింది. అతడు లేదని వ్రాసుకొన్నాడు.

"బాబూ, ఆమె చెప్పింది. నువ్వే చూడలేదు," అన్నాను.

అతడు తల ఎత్తి మళ్లీ అడిగాడు. ఈసారి ఆమె ముఖమే కదపలేదు. బయటికి వచ్చాక నన్ను దెప్పింది: "నీ బడిపిల్లలు ఏళ్ల తరబడి ఉండేవాళ్లు, మాస్టారూ! ఈ నర్సులు మన కనుబొమల మాట నేర్చుకొనేలోపే విమానమెక్కేస్తారు. ఇంకెంతమందికి నేర్పను?"

నొప్పి ఉందని నర్సు వ్రాయనిదే దక్షిణాన నగరంలో ఉన్న పెద్ద ఆసుపత్రికి పంపరు. ఆమె సముద్రంలో వేటాడి తెచ్చిన సీల్ మాంసపు పులుసు కూడా ముట్టడం లేదు. నేనడిగినా ఇప్పుడు కనుబొమలు కదలవు.

పిల్లవాడి చెవిపోటు తగ్గినదా? టీపొడి, తోలు కుట్టే సూదులు తీసుకొనిరా. పంపవద్దు, నువ్వే రా. ఫోనులో ముఖం కనబడదు. మా అమ్మ పేరు పెట్టుకొన్నదానివి గనుక మీ అమ్మ నిన్ను నేటికీ "అత్తయ్యా" అనే పిలుస్తుంది. ఎదుట కూర్చొని అడుగు. అత్తకు కూడా బదులు చెప్పకపోతే, ఇక ఆమెను అడిగించడానికి నాకెవరూ లేరు.

మీ నాన్న,
పౌలూసీ