పదకొండు తాళాలు

తాండూరు,
మంగళవారం

నాయినకు, హాస్టల్ నుంచి నాగరాణి నమస్కారాలు.

ఫోన్ చేస్తే సగం చెప్పకముందే "ఏం గాదులే బిడ్డా" అంటావు. ఈ మాట నువ్వు పూర్తిగా వినాలి. అందుకే రాస్తున్నాను.

పోయిన నెల మా కాలేజీ తరఫున బషీరాబాద్ మండలంలో జనం బాగోగుల సర్వే చేశాం. కాగితంలో 'శ్రేయస్సు' అని ఉంటే 'బాగోగులు' అని మార్చింది నేనే. సర్వే చేయించే మా దశరథ్ సార్ మెచ్చుకుంటే రెండు రోజులు నా కాళ్లు నేల మీద నిలవలేదు. పది మెట్ల నిచ్చెన బొమ్మ చూపించి, "పైమెట్టు మంచి బతుకు, కిందిమెట్టు కష్టాల బతుకు. మీరు ఏ మెట్టు మీదున్నారు?" అని అడగాలి.

మన ఊరు నాకూ సాహిత్యకూ వచ్చింది. సాహిత్య తాండూరులో బట్టల దుకాణం వాళ్ల అమ్మాయి. సర్వేకు ఎంచిన ఇళ్లలో మన గొర్లకాపరుల వాడవి పదకొండు. అన్నింటికీ తాళాలే. తాళం ఉంటే ఇంకో రెండుసార్లు పోవాలి, అప్పటికీ ఎవరూ లేకుంటేనే వేరే ఇల్లు అడగాలి. పొద్దుగూకితే మందలు ఇల్లు చేరతాయని నాకు తెలియదా?

"లిస్టుల మీ ఇల్లు గూడ ఉన్నది గదనే! మీ అమ్మోళ్లు ఎప్పుడొస్తరు?" అని సాహిత్య అడిగింది.

"ఏమో. బస్సు పోతది, నడువు" అన్నాను.

బస్టాండు దగ్గర దుకాణాలున్న వాళ్ల పదకొండు ఇళ్లను అడిగి, మన వాడ పేర్ల ఎదురుగా 'మూడుసార్లు పోయాం' అని రాశాను. నా తప్పు అదొక్కటే కాదు. మన ఇంటి తాళం చూడగానే నా మనసు తేలికపడింది నాయినా. వాకిట్లో పెంటికలు, ఆ వాసన, అమ్మ చిరుగుల చీర సాహిత్య చూడదు కదా అని.

నిన్న లెక్క తేలింది. మండలంలో మన ఊరే పైమెట్టున ఉందట. అందరూ చప్పట్లు కొట్టారు. మేం సర్వే చేసింది మన గొర్రెపిల్లలు తొమ్మిది రోగంతో చచ్చిన నెల. అమ్మ మోకాళ్లు పట్టుకుని నడిచిన నెల. వైద్య శిబిరాలు ముందు ఎక్కడ పెట్టాలో ఈ లెక్క చూసే చెప్తారు. మనది ఆఖరున రాశారు.

నెలాఖరుకు నివేదిక పోతుంది. ఈలోపే సార్‌కు నిజం చెప్తాను. నన్ను సర్వే నుంచి తీసేసినా సరే. కానీ ముందు నీకు చెప్పాలి.

నీ బిడ్డ,
నాగరాణి


శుక్రవారం

బిడ్డ నాగరాణికి నాయిన రాసేది.

ఏడు దాంక సదివిన చెయ్యి, తప్పులుంటయి.

మిగిలినోళ్లు మందలెంబడి పోయిండ్రు. మనింటికి మాత్రం తాళమేసింది నీ కోసమే. సర్వేకు దోస్తుతోటి వస్తున్నవని పంచాయతీల ఎర్కయింది. షావుకారు బిడ్డ ముంగట నీకు నామోషీ అయితదని, మీ అమ్మను దొడ్డి కాడికి తోల్కపోయిన. "నా బిడ్డొస్తుంటే నన్నెందుకు దాస్తున్నవ్?" అని మస్తు కొట్లాడింది. "జర ఊకో" అన్న. అప్పటిసంది నాతోని సక్కగ మాట్లాడుతలేదు. నీ తప్పుల సగం నాది.

సారుకు చెప్పు. ఆదివారం పొద్దెక్కేదాంక మందలు తోలొద్దని పదకొండు ఇండ్లల్ల చెప్పిన. దోస్తును గూడ తీస్కరా. ముందు మీ అమ్మను అడుగు. నన్ను బయటికి పంపి అడుగు. ఆమె ఏ మెట్టు చెప్తదో నాకు తెల్వది. పెండ్లయిన ఇరవై రెండేండ్లల్ల నేనెన్నడు అడగలె.

మీ నాయిన,
బీరన్న