ఈదమ్మ ఇవ్వని గడ్డ

ఆదివారం, రాత్రి.

పొద్దున ఇంట్లో చెప్పకుండా మన్ననూర్ వెళ్లాను, అడవి మందులిచ్చే ఈదమ్మ దగ్గరికి. క్లాసు గది గుమ్మం దగ్గర నాకు గుండె దడ మొదలై ఆరు నెలలైంది. పెన్నేరు గడ్డ, అదే అశ్వగంధ, తింటే మెదడు కణాలకు కొత్త కొమ్మలు వస్తాయని ఫోన్లో చదివాను. అది ఎలుకల్లో చూసిన సంగతి. పిల్లలకు జువాలజీ చెప్పే నేనే ఆ ఒక్క మాటను దాటేసి చదివాను. సిగ్గుగా ఉంది.

ఈదమ్మ గడ్డను చేతిలోనే పట్టుకుని అడిగింది. "దవాఖాన గోలీలేమన్న మింగుతున్నవా, బిడ్డా?"

లేదన్నాను. ఆమె ఇవ్వలేదు, నా ముఖమే చూస్తూ కూర్చుంది. చివరికి దడకు డాక్టరమ్మ రాసిచ్చిన గోలీల షీటు బ్యాగులోంచి తీసి చూపించాను.

"అయితే నేనియ్య. అవీ నిద్ర తెచ్చేటియే, ఇదీ నిద్ర తెచ్చేదే. రెండు కలిస్తే నీ తలల ఏమైతదో నాకు తెల్వదు. డాక్టరమ్మను అడిగి రా. ఇంట్ల చెప్పినవా?"

తల అడ్డంగా ఊపాను. ఆమె గడ్డను మూటలో కట్టేసి, నాకు జొన్నరొట్టె పెట్టింది. ఆ రొట్టె తింటుంటే ఏడుపొచ్చింది. అబద్ధం చెప్పినదాన్ని కసరకుండా కడుపు నింపి పంపింది, తల్లి.

రేపు మొదటి పీరియడ్ నాదే. దడ రాదని ఏమీ లేదు...

సాయంత్రం గోలీల షీటును బ్యాగులో దాచకుండా వంటింట్లో ఉప్పు డబ్బా పక్కన పెట్టాను. మా ఆయన చూశాడు. గ్లాసులో నీళ్లు తెచ్చి దాని పక్కన పెట్టాడు.