ముందు చక్రంలో గ్రీజు

అమ్మకు,

నమస్కారాలు. ఇక్కడ నాన్నా నేనూ ఒకరినొకరు భరిస్తూ క్షేమంగానే ఉన్నాం. అక్కా, పసిపాపా కులాసా అని నీ ఉత్తరంలో చదివాక ప్రాణం తేలికపడింది.

నువ్వడిగిన వాటికి వరసగా చెబుతాను. నాన్న భుజం ఎముక అతుక్కుంటోంది. కట్టు ఇంకో రెండు వారాలుండాలన్నాడు డాక్టరు. మందులు వేసుకుంటున్నాడు, నేను ఎదురుగా నిలబడితేనే. బండి అమ్మేశాడా అని అడిగావు. అమ్మడమా! నాకంటే పద్దెనిమిదేళ్లు పెద్దదైన ఆ డొక్కుని ముందుగదిలోకి తెప్పించి, నా కుర్చీ ఉండే చోట నిలబెట్టాడు. గడియారాలు బాగుచేసే మనిషి కదా, ఒంటిచేత్తోనే అన్నీ ఊడదీశాడు. నువ్వు చుట్టాల కోసం దాచిన గాజు గిన్నెల్లో ఇప్పుడు నట్లూ స్ప్రింగులూ నానుతున్నాయి. ఇల్లంతా కిరసనాయిలు వాసన. బయట పెట్టుకో నాన్నా అంటే, "దుమ్ము పడితే బ్రేకులు పాడైపోతాయి. మనుషులకేం, దులుపుకుంటారు" అంటాడు. నాకు ఒళ్లు మండిపోతోంది.

ఆ రోజు అసలేం జరిగిందని మళ్లీ అడిగావు. వాలు రోడ్డు దిగుతుంటే స్కూలు పిల్లలు అడ్డం వచ్చారు. ముందు బ్రేకు పట్టినా బండి ఆగలేదు. వెనకది తొక్కితే నామమాత్రంగా పట్టింది. పిల్లల మీదికి పోకూడదని హ్యాండిల్ తిప్పేసి రొట్టెల దుకాణం గోడకి గుద్దాడు. పిల్లలకేమీ కాలేదు. అదంతా ఆయన అజాగ్రత్తేనని నీకు రాశాను. నెల రోజులుగా ఆయన్నీ అదే మాట మీద దులిపేస్తున్నాను.

అది సగమే నిజం అమ్మా. బ్రేకు పట్టినప్పుడల్లా ముందు చక్రం చేసే కీచు గోల భరించలేక, ముందు రోజు మధ్యాహ్నం నాన్న కునుకు తీస్తుంటే నేనే ఆ చక్రం బ్రేకు డ్రమ్ము విప్పాను. ఆయన విప్పడం వందసార్లు చూసినదాన్నేగా అనుకున్నాను. బ్రేకు షూలకి గ్రీజు దట్టంగా పూసి మూసేశాను. రాపిడి ఉంటేనే బ్రేకు పడుతుందన్న ఇంగితం లేకపోయింది.

ఈ ఉదయం చెప్పేశాను. ఆయన కొత్త షూలకి స్ప్రింగు తగిలిస్తున్నాడు, తలెత్తలేదు.

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మెకానిక్ డ్రమ్ము విప్పినప్పట్నుంచే. ఇంట్లో గ్రీజు డబ్బా ఒక్కటే. నేను ముట్టుకోలేదు."

"మరి ఇన్ని రోజులూ నా చేత తిట్లెందుకు తిన్నావు?"

"వెనక షూలు అరిగిపోయాయని మెకానిక్ రెండుసార్లు చెప్పాడు. ఇంకో నెల వస్తాయిలే అన్నాను. అవి బాగుంటే బండి ఆగేది. ఆ తిట్లు నాకు పడాల్సినవే. నీ సంగతి ఎత్తితే ఇక జన్మలో పానా పట్టుకోవని ఊరుకున్నా."

ఆ మాట అని పానా నా చేతికిచ్చి బిగించమన్నాడు. కళ్లు తుడుచుకుంటూ బిగించాను. "అంత గట్టిగా కాదే, చక్రం తిరగాలి కదా!" అని అరిచాడు. "ముందే చెప్పొచ్చుగా!" అని నేనూ అరిచాను.

ఆయన్ని క్షమించమని అడగాలని ఉందమ్మా. నోరు తెరిస్తే తిట్లే వస్తున్నాయి. ముప్పై ఏళ్లుగా ఆయనతో కాపురం చేస్తున్నదానివి, ఆ మాట ఎలా చెప్పాలో కాస్త రాయి.

ఇట్లు,
నోరు అదుపులో లేని
నీ చిన్నమ్మాయి