ఎగ్జిబిషన్ హాలు మీద నేను రాసిన రిపోర్టు

చోడవరం,
12 ఆగస్టు 2025.

మిత్రుడు శివాజీకి పరదేశి నమస్కారాలు.

మేమంతా బాగున్నాం. విశాఖలో నువ్వూ, మీ ఆవిడ నరసమ్మా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఆరేళ్ల తర్వాత నా చేతిరాత చూసి ఉత్తరం చింపేయకు. మన ఎగ్జిబిషన్ హాలు చరిత్ర పుస్తకంగా రాస్తున్నావని నీ శిష్యుడు బాలు చెప్పాడు. నాకు తెలిసింది కూడా నీకు చేరాలనిపించింది.

దాన్ని 1887లో కట్టారు. చుట్టుపక్కల రైతుల చెరకు, బెల్లం, నేత బట్టలు పదిమందికీ చూపించడానికి. మా ముత్తాత వడ్డాది నుంచి బండి మీద బెల్లం తెచ్చి, అక్కడ బహుమతిగా గొడుగు అందుకున్నాడట. తడిస్తే పాడవుతుందని ఆ గొడుగు వానలో ఎప్పుడూ విప్పలేదని మా నాయనమ్మ నవ్వుతూ చెప్పేది. ప్రదర్శనలు ఆగిపోయాక అందులో ధాన్యం దాచారు. తుఫాను వచ్చిన ఏడాది జనానికి గంజి పోశారు. మనం పదో తరగతి పరీక్షలు రాసిందీ అక్కడే.

2019లో కూల్చెయ్యాలని రిపోర్టు రాసింది వర్క్ ఇన్‌స్పెక్టరుగా నేనే. నువ్వు ఆఫీసుకొచ్చి అందరి ముందూ, "ఎవుడు సెప్తే రాసేవురా? పేరు సెప్పు" అని నిలదీశావు. ఏ కాంట్రాక్టరుకో అమ్ముడుపోయాననుకున్నావు. అనుకోనిచ్చాను.

రిపోర్టులో అబద్ధం లేదు. దూలాన్ని వేలితో గుచ్చితే పొడి రాలింది. అయితే కప్పు మార్చి గోడలు నిలబెట్టొచ్చేమో అన్న ముక్క నేను రాయలేదు. తొందరగా తేల్చెయ్యాలనుకున్నాను. అది నా తప్పే, నీ పుస్తకంలో పెట్టు. ఇప్పుడక్కడ ఆటోలు ఆపుతున్నారు. అటు వెళ్లాల్సి వస్తే నేను పక్క వీధిలోంచి పోతాను.

ఇట్లు,
నీ పరదేశి

తా.క. నువ్వడిగిన పేరు నరసమ్మ. అప్పట్లో తను హాలులో ఆడపిల్లలకి కుట్టు నేర్పేది కదా. ఒకరోజు దూలం ముక్క విరిగి కుట్టుమిషను మీద పడింది. అక్కడ కూర్చున్న పిల్ల దారం కోసం అప్పుడే లేచింది కాబట్టి బతికింది. ఆ సాయంత్రమే నరసమ్మ మా ఇంటికొచ్చింది. "ఆయనకి ఆ హాలంటే పేనం అన్నయ్యా. బాగు సేయిద్దారంటాడు, ఈలోగా ఏ గుంటకైనా ఏటైనా అయితే? నువ్వు రాసీ. నా పేరు సెప్పకు" అంది. మాటిచ్చాను. నిన్న తనే ఫోన్ చేసి, "ఆయన పుస్తకంలో నిన్ను దొంగని సేసీసేడు, నాను సూడలేను. నిజం సెప్పీ" అంది. నువ్వు ఈ ఉత్తరం చదివేటప్పుడు పక్కనే కూర్చుంటానంది. ఒక్కసారి తనవైపు చూడు.